మొగమోటము

ఖమ్మం,
మార్చి 9.

గౌరవనీయులైన బావగారు ఎల్లస్వామి గారికి,

మీరు పంపిన చింతపండు అందింది. గింజ తీసి, ఈనె తీసి, ఉండలు కట్టి మరీ పంపారు. ఆ పనంతా చెల్లెమ్మ బతుకమ్మ గారు స్వయంగా చేశారని మా సరిత ఫోన్లో వాళ్లమ్మకు చెప్పిందట. మీ ఇంటికి కోడలై వచ్చిన పిల్ల పుట్టింటికి ఇంత శ్రమ ఎందుకండీ అని రాయబోయి ఊరుకున్నాను. అలా అనడం కూడా తప్పే అవుతుంది.

నా చెవులు పూర్తిగా పోయాయి కదా, ఫోను నాకు పనికిరాదు. మా ఆవిడ ప్రమీల సగం విని, అందులో సగం చేతులు తిప్పి చెబుతుంది. అందుకే మనం ఇలా ఉత్తరాలు రాసుకోవడం నాకు పెద్ద సుఖంగా ఉంది. ఈ కాలంలో వియ్యంకుడికి ఉత్తరం రాసేది మీరొక్కరే సార్ అని పోస్ట్‌మాన్ నవ్వుతాడట. నవ్వనీయండి.

సరితకు ఐదో నెల పడిందని తెలిసిన దగ్గర్నుంచి నాకు కాలు నేల మీద నిలవడం లేదు. ఒక విషయం మాత్రం నన్ను పొడుస్తూనే ఉంటుంది. రెండేళ్ల క్రితం పిల్లలిద్దరూ రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నప్పుడు మీరే నా ఇంటికి వచ్చారు. బొగ్గుబావిలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి, నా గుమ్మం ముందు చేతులు జోడించి, "పిల్లలు చేసిండ్రు, మనం పెద్దోళ్లం, మనసు పెద్దగ చేసుకోవాలె" అన్నారు. ఆ రోజు మా ఇల్లేమిటి మీ ఇల్లేమిటి అనే అహంకారంతో నేను మిమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు. జన్మలో మళ్లీ మీ పట్ల అమర్యాదగా ఉండనని ఆ తర్వాత ఒట్టు పెట్టుకున్నాను.

మర్యాద అంటే గుర్తొచ్చింది. మా సాహితీ సమితి వాళ్లు పాత తెలుగు మాటల మీద చిన్న పుస్తకం వేస్తున్నారు. రిటైరైన తెలుగు పండితుణ్ని కదా, నా వంతుకు ఒక మాట వచ్చింది. మొగమోటము. ఇప్పుడు మనం మొహమాటం అంటాం, అదేదో పిరికితనం అన్నట్టు. పాత కావ్యాల్లో అది గుణం. నిఘంటువులో దాక్షిణ్యం అని అర్థం ఇచ్చారు. ఎదుటివాడి మొహం చిన్నబోకూడదని మన మాట మనం మింగడం, వాడి మొహం ముందు మనం ఓడిపోవడం. రాజుకైనా మంత్రికైనా అది నగలాంటిది. మొగమోటము లేనివాడు అంటే పెద్ద తిట్టు. మీ వైపు ఈ మాటను ఎలా వాడతారో రాయండి, నా వ్యాసానికి బలం వస్తుంది.

చెల్లెమ్మ గారికి నమస్కారాలు. అల్లుడు భాను డ్యూటీ దిగి ఎప్పుడొస్తే అప్పుడు ఆశీస్సులు చెప్పండి.

మీ
బసవపున్నయ్య


వెదుళ్లగూడెం, భద్రాచలం దగ్గర,
మార్చి 20.

మహారాజశ్రీ బావగారు బసవపున్నయ్య గారి సముఖమునకు ఎల్లస్వామి నమస్కరించి వ్రాయునది.

మీ ఉత్తరము అందినది. నేను ఉత్తరములు రాయుట యూనియన్ ఆఫీసులో నేర్చినాను. అక్కడ అన్నీ మేనేజరుకు అర్జీలే. కనుక నా రాతలో అర్జీ వాసన వస్తే మన్నించగలరు.

సరిత బాగున్నది. పొద్దున బడికి పోయి పిల్లలకు చదువు చెప్పి వస్తున్నది. వద్దమ్మా అంటే వినదు. భాను మణుగూరు ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు పని కాబట్టి క్వార్టరు ఇవ్వలేదు, వారానికి ఒకసారి వస్తున్నాడు. అంతవరకు పిల్ల మా కళ్ల ముందు ఉంటున్నది. మాకు ఆడపిల్ల లేని లోటు తీరింది.

మీరు ఆ పాత సంగతి మనసులో పెట్టుకోకండి. కన్నతండ్రికి కోపం రాకపోతే ఎవరికి వస్తుంది.

మాట గురించి అడిగినారు. మా దిక్కున మొగమోటం అని ముసలివాళ్లు ఇప్పటికీ అంటారు. ఒక సామెత కూడా ఉన్నది. పెద్దలకు రాయకూడదు. బతుకమ్మను అడిగితే, "గాయనకు గీ మాట రాస్తవా, సిగ్గు లేదా" అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పుస్తకం పని కనుక రాస్తున్నాను. మొగమోటానికి పోతే కడుపైందంట. అచ్చు వేస్తే నా పేరు వేయకండి.

బావిలో మాత్రం మొగమోటం నడవదు బావగారు. పైకప్పు పెళ్లు ఊడే చప్పుడు వినిపిస్తే, కింద నిలబడ్డది పెద్దాఫీసరైనా రెక్క పట్టి గుంజుడే. నేను ఒకసారి ఒక ఇంజనీరు దొరను గుంజితే ఆయన బురదలో పడ్డాడు. తిట్టబోయి, వెనక్కి తిరిగి చూసి నోరు మూసుకున్నాడు. ఆయన నిలబడ్డ చోట అప్పటికి బండ ఉన్నది.

అక్కగారికి నమస్కారములు.

ఇట్లు
ఎల్లస్వామి


ఖమ్మం,
మే 22.

బావగారికి,

క్షేమంగా చేరాం. తల్లాడ దగ్గర బస్సు కాసేపు ఆగింది, అంతే.

పద్దెనిమిదో తేదీన మీ ఇంట్లో మాకు జరిగిన మర్యాద నేను ఎక్కడా చూడలేదు. మేం మాంసం ముట్టమని పొయ్యి దగ్గర్నుంచి పళ్లేల దాకా అన్నీ కొత్తవి పెట్టి వండించారు. నేను గమనించాను. గమనించినట్టు కనపడకూడదని పప్పు బాగుందని నాలుగుసార్లు అన్నాను. నిజంగానే బాగుంది.

సరిత మొహం కొంచెం ఉబ్బినట్టు అనిపించింది. ఎండల వల్లేమో. ఏడో నెల కదా, ఒళ్లు బరువెక్కి ఉంటుంది. మీరు పువ్వుల్లో పెట్టుకుని చూసుకుంటున్నారని ప్రత్యక్షంగా చూశాక నాకింక బెంగ లేదు. ప్రమీల మాత్రం తిరుగు ప్రయాణంలో నాతో పలకలేదు. ఆడవాళ్ల సంగతి తెలిసిందే.

మా ఇళ్లల్లో తొలి కాన్పు పుట్టింట్లో చేసే వాడుక ఉంది. ఏడులోనో తొమ్మిదిలోనో తీసుకువెళతారు, ఎనిమిదో నెలలో మనిషిని కదపరు. మీ ఇళ్లల్లో ఎలాగో నాకు తెలియదు. మాటవరసకు రాశాను. ఈ వంకతో నేనేదో కోరుతున్నానని మాత్రం అనుకోవద్దు. మీ ఇంట్లో జరిగినా అది మా ఇంట్లో జరిగినట్టే.

వ్యాసం సగమైంది. నాగరికుడు కోరిక ఉన్నా అడగడనీ, ఇచ్చేవాడు అడగకముందే గ్రహిస్తాడనీ, ఈ రెండూ కలిస్తేనే మొగమోటమనీ రాశాను. పాత కథల్లో అతిథికి కాళ్లకు నీళ్లిచ్చి, భోజనం పెట్టి, విసనకర్ర చేతికిచ్చాక గాని ఏం పని మీద వచ్చారని అడగరు. అతిథీ చెప్పడు. ఎంత అందమైన ఏర్పాటో చూడండి.

మీ
బసవపున్నయ్య


వెదుళ్లగూడెం,
జూన్ 2.

బావగారికి ఎల్లస్వామి నమస్కరించి వ్రాయునది.

మీరు వచ్చి మా గడప తొక్కినందుకు మాకు చాలా సంతోషం. గూడెంలో అందరూ "మీ వియ్యంకుడు ఎంత నిదానస్తుడు" అని అన్నారు.

కాన్పు సంగతి రాసినారు. మా ఇళ్లల్లో కూడా తొలుసూరు తల్లిగారింట్లోనే. అయినా మీరు ఏ ఇబ్బందీ పెట్టుకోకండి. అక్కగారికి మోకాళ్ల నొప్పులని సరిత చెప్పింది. ఇక్కడ బతుకమ్మ ఉన్నది. మీరు ఏదంటే అదే మాకు సమ్మతం.

ఐదో తారీకుకు పిల్లకు ఎనిమిది పడుతుంది. ఊరికే తెలియజేస్తున్నాను.

ఈసారి వానలు జల్దీ పడేటట్టున్నాయి. మా ఊరికీ రోడ్డుకూ నడుమ వాగు మీద కల్వర్టు నిరుడు కొట్టుకుపోయింది, ఇంకా కట్టలేదు. ఎండాకాలం కాబట్టి మొన్న మీకు ఇబ్బంది కాలేదు. వానలు పడితే రెండు మూడు దినాలు మా ఊరు ఊరు కాదు, దీవి. అది కూడా ఊరికే తెలియజేస్తున్నాను.

ఇట్లు
ఎల్లస్వామి


ఖమ్మం,
జూన్ 14.

బావగారికి,

మీ ఉత్తరం తొమ్మిదో తేదీన అందింది. అప్పటికే ఎనిమిదో నెల పడిపోయింది.

మీ ఉత్తరం ప్రమీలకు చదివి వినిపించాను. "ఇక్కడ బతుకమ్మ ఉన్నది" అన్నారంటే వాళ్లకు పంపడం ఇష్టం లేదేమో అన్నాను. ఆవిడ నా చేతిలో కాగితం లాక్కుని, పలక మీద ఇంతింత అక్షరాలు రాసి చూపించింది. "మీరు మనిషేనా? నా కూతుర్ని తీసుకురండి." నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ నాతో అలా మాట్లాడలేదు. ఇంట్లో సంగతి మీకు రాయడం మర్యాద కాదు. కానీ మీ ముందు దాచలేకపోతున్నాను.

కాబట్టి సాహసించి అడుగుతున్నాను. మీకు అభ్యంతరం లేకపోతే, చెల్లెమ్మ గారి మనసు నొచ్చుకోదంటే, అల్లుడికి ఇష్టమైతే, తొమ్మిదో నెల పడ్డాక జూలై పన్నెండో తేదీ మంచిదట, ఆ రోజు కారు మాట్లాడుకుని వచ్చి సరితను తీసుకువస్తాం. ఏ మాత్రం ఇబ్బందనిపించినా నిర్మొహమాటంగా చెప్పండి. మీరు కాదన్నా నేను ఏమీ అనుకోను.

వ్యాసం సమితికి ఇచ్చేశాను. బాగుందన్నారు.

మీ
బసవపున్నయ్య


వెదుళ్లగూడెం,
జూన్ 27.

బావగారికి నమస్కరించి వ్రాయునది.

మీ ఉత్తరం చూసి మా ఇంట్లో అందరికీ ప్రాణం లేచి వచ్చింది. మీరు అడుగుడేంది బావగారు, మీ బిడ్డ. పన్నెండు మంచిదే. మీ ఇష్టమే మా ఇష్టం.

పిల్లకు కాళ్లు వాస్తున్నాయి, అప్పుడప్పుడు తలనొప్పి అంటున్నది. ఏఎన్‌ఎం నర్సమ్మ చూసి గోలీలు ఇచ్చింది, భద్రాచలం పోయి ఒకసారి చూపించుకోమన్నది. ఎటూ మీరు వస్తున్నారు కదా, ఖమ్మంలోనే పెద్ద డాక్టరుకు చూపిస్తారని ఆగినాము.

వానలు మొదలైనాయి.

కింద రెండు వరుసలు కొట్టివేసినాను. పట్టించుకోకండి.

ఇట్లు
ఎల్లస్వామి


వెదుళ్లగూడెం,
జూలై 24.

బావగారికి,

పెద్దకర్మ నాడు మీరు నా ఎదురుంగ గంటసేపు కూసున్నరు. మీరు ఒక్క మాట అడగలే. నేను ఒక్క మాట చెప్పలే. మనిద్దరి నడుమ సరిత ఫోటో ఉన్నది. ఇగ నాతోని అర్జీ భాష కాదు. మాట్లాడినట్టే రాస్త.

ఏం జరిగిందో మీకు తెలియాలె. ఐదో తారీకు నాడు ఆశా కార్యకర్త రోజారాణి జీపు తీస్కొని వచ్చింది. గోదావరి వచ్చేటట్టున్నది, తొమ్మిదో నెల వాళ్లను ముందుగాలనే భద్రాచలం తీస్కపోయి దవాఖాన దగ్గర ఉంచుతున్నరు, సరితను పంపు మామా అన్నది. నేనేమన్ననో తెలుసా. "పన్నెండుకు వాళ్ల నాయన వస్తండు. ఆయన వచ్చేసరికి పిల్ల ఎక్కడనో సర్కారు షెడ్డుల ఉంటే ఏమనుకుంటడు? నెల రోజులు సాకలేక పడేసినమనుకోడా?" అన్న. "ఏమనుకుంటే ఏంది మామా" అన్నదా పిల్ల. "నీకు తెల్వదు, వాళ్లు మర్యాదస్తులు" అని జీపు తిప్పి పంపిన. ఆ జీపుల పోయిన ఇద్దరు ఆడపిల్లలు మంచిగ కని ఇంటికొచ్చిన్రు.

తొమ్మిదో తారీకు తెల్లారి ఆరింటికి నొప్పులు వచ్చినయి. వాగు రెండు నిలువుల ఎత్తు పారుతున్నది. అంబులెన్సు ఫోన్ చేసిన గంటల వచ్చింది, కానీ అది అటు గట్టు మీద, మేము ఇటు గట్టు మీద. దాని లైటు తిరుగుతుంటే కనబడుతున్నది. మా ఊరి మంగీలాల్ ట్రాక్టరు దింపితే నడుమల ఆగింది, తాళ్లేసి గుంజుకున్నం. మణుగూరు రోడ్డు మునిగి భాను అక్కడ్నే చిక్కిండు. మంచం మీద పండుకోబెట్టి, పైన టార్పాలిన్ పట్టుకొని గట్టు మీద కూసున్నం. నీళ్లు తగ్గుతయి తగ్గుతయి అని ఎంతసేపు చూసినం బావగారు. నీళ్లకు ఎవరు చెప్పాలె?

సరిత నా చెయ్యి పట్టుకున్నది. "మామయ్యా, నాన్న పన్నెండుకు వస్తానన్నాడు కదా, ఇంకా మూడు రోజులే కదా" అన్నది. తర్వాత ఫిట్స్ వచ్చినయి.

మూడింటికి నీళ్లు నడుముల కాడికి తగ్గినయి. మంచం నెత్తికెత్తుకొని దాటించినం. గంట దారి, పది గంటలు పట్టింది. డాక్టరమ్మలు పాపను తీసిన్రు. సరితకు రక్తం ఎక్కించిన్రు, చేసేదంత చేసిన్రు. ఆలస్యమైందన్నరు. అంతే. మీరు వచ్చేసరికి తెల్లగుడ్డ కప్పిన్రు.

ఇంకో రెండు మాటలు చెప్తె గాని నాకు నిద్ర పట్టదు. మే నెలల మీరొచ్చిన నాడు పిల్ల సంచి సదిరి తలుపు ఎనక పెట్టుకున్నది. చీరలు, దవాఖాన కాయితాలు, దువ్వెన. మీరడుగుతరు, ఎంటనే పంపాలె అని పొద్దుటి నుంచి మేమందరం అదే చూస్తున్నం. మీరు పప్పు బాగున్నదన్నరు. వాన కబుర్లు చెప్పిన్రు. లేచి దండం పెట్టిన్రు. మీ బస్సు పోయినంక ఆ పిల్ల సంచిల చీరలు తీసి మళ్ల దండెం మీద ఏసుకున్నది. నేను చూసిన. ఉరికి బస్సాపి, "బావగారూ, తీస్కపోండ్రి" అంటే అయిపోయేది. మేమే ఎల్లగొట్టినట్టు ఉంటదని అనలే. ఇంజనీరును రెక్క పట్టి గుంజినోన్ని, మిమ్మల్ని గుంజలేకపోయిన.

రెండోది. కొట్టేసిన వరుసలు. అండ్ల ఏం రాసిననంటే, "పన్నెండు దాక ఆగకండి. రేపే రండి. నాకు భయమైతంది." రాసి చదువుకున్న. పిల్లను వదిలించుకునేటట్టు ఉన్నదని కొట్టేసిన.

పాప కిలో ఎనిమిది వందలు ఉన్నది. అద్దాల పెట్టెల పెట్టిన్రు. బతుకమ్మ అక్కడ్నే వరండాల ఉంటున్నది. ఇంటికి ఇచ్చినంక మీరు తీస్కపోతానంటే నేను కాదనను. మీ బిడ్డ బిడ్డ. భానును అడిగితే, "పెద్దోళ్లు మీరేదంటే అది" అని గోడ దిక్కు తిరిగిండు. మీ ఇష్టం.

ఎల్లస్వామి


ఖమ్మం,
జూలై 30.

బావగారికి,

సంచి సంగతి ప్రమీలకు చెప్పలేదు. ఆవిడ మంచం దిగడం లేదు. చెబితే ఇంక బతకదు.

మీ తప్పేమీ లేదు. మే పద్దెనిమిదిన నేను మీ ఇంటికి వచ్చింది నా కూతుర్ని అడగడానికే. బస్సులో ఎలా అడగాలో నాలుగు రకాలుగా అనుకుంటూ వచ్చాను. అన్నం పెట్టినప్పుడు పళ్లెం అంచున కొట్టువాడి చీటీ ఇంకా అతుక్కునే ఉంది. మా కోసం ఇల్లంతా కొత్తది చేసుకున్న మనుషుల మధ్య కూర్చుని, మా పిల్లను మా ఇంటికి పంపండి అంటే, మీరెంత చేసినా మీ ఇల్లు మాకు చాలదు అన్నట్టు కాదూ? ఒకప్పుడు నేను కూర్చోమని కూడా అనని మనిషితో ఆ మాట ఎలా అనను? భోజనాలయ్యాక అడుగుదామనుకున్నాను. తర్వాత, మజ్జిగ తాగాక అనుకున్నాను. ప్రమీల నా మోకాలు గిల్లుతూనే ఉంది. చివరికి బస్సు టైమైందని నేనే లేచాను. లేచినప్పుడు సరిత నా మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది బావగారూ. అర్థం కాలేదని అబద్ధం చెప్పలేను.

ఆ కొట్టేసిన వరుసలు కూడా నేను చదవడానికి ప్రయత్నించాను. కాగితం కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే "భయ" అని రెండక్షరాలు కనపడ్డాయి. ఒకరు వద్దనుకుని కొట్టేసినది తొంగి చూడడం సభ్యత కాదని మడిచి పెట్టేశాను. ఆ మిగతా అక్షరాలు చదివి ఉంటే నేను ఆ సాయంత్రమే బయలుదేరేవాణ్ని. చదవలేదు. జీవితమంతా అక్షరాలు చదివి బతికినవాణ్ని.

నా వ్యాసం తీసేయమని సమితికి కబురు పెట్టాను. అప్పటికే అచ్చయిందట. నిన్న పుస్తకం ఇంటికి పంపించారు. మొగమోటము ఉత్తముల ఆభరణం అని మొదటి వాక్యం. కింద నా పేరు. ఆ పుట చింపబోతే చేతులు రాలేదు. చింపితే మాత్రం ఏమవుతుంది.

పాప విషయం రాశారు. ఆ పిల్ల మీ ఇంటి పిల్ల, భాను బిడ్డ. నాకేం హక్కుంది? మీరు ఎలా అంటే అలాగే. మీ ఇష్టం.

బసవపున్నయ్య


భద్రాచలం, దవాఖాన వరండా,
ఆగస్టు 4.

బావా,

నీ ఉత్తరం భాను తెచ్చి ఇచ్చిండు. ఇక్కడ్నే కూసోని రాస్తున్న.

పొద్దుగాల నర్సమ్మ నిర్మలాదేవి వచ్చింది. "తాతా, పాప బరువెక్కింది, రెండు మూడు రోజుల్ల ఇంటికి పంపుతం. ఎవరింటికి పోతది? కార్డుల ఊరు రాయాలె" అన్నది. బతుకమ్మ నా దిక్కు చూసింది. "మా వియ్యంకుణ్ని అడిగి చెప్త అమ్మా" అన్న. "పోయిన వారం కూడ అదే అన్నవు గద తాతా. ఇంకెన్నొద్దులు అడుగుతవు?" అన్నది. ఊరికెనే అన్నది. ఆ పిల్లకేం తెలుసు.

నేను నీకు రాసిన ఉత్తరం యాది చేసుకున్న. మీ ఇష్టం అని ఉన్నది. నీ ఉత్తరం చూసిన. మీ ఇష్టం అని ఉన్నది. మళ్ల అదే చేస్తున్నం బావా. తల్లిని అట్లనే చంపినం, ఇప్పుడు పిల్లను వరండాల పెట్టుకొని మళ్ల అదే రాసుకుంటున్నం. థూ మన బతుకు.

ఫోన్ చేసి చెప్పమన్నడు భాను. నీకు వినబడదు, అక్క నోటి నుంచి పంపే మాట కాదిది. అందుకే రాస్తున్న. సిగ్గిడిసి రాస్తున్న.

పాప నాకు కావాలె. నీకియ్య. నువ్వు నా మీద కోపం చేసుకో, ఊళ్లె చెప్పుకో, నన్ను మోటు మనిషి అను. పాప కండ్లు తెరిచి చూస్తది. అది సరిత చూపే. నాకు ఆడపిల్ల లేకుండె. ఒక ఆడపిల్ల నా ఇంటికొచ్చింది, దాన్ని నేను కాపాడుకోలేకపోయిన. ఇది కూడ పోతే నేను ఆ ఇంట్ల ఉండలేను. బతుకమ్మ వరండాల ఇరవై ఆరు దినాల సంది నేల మీద పండుకుంటున్నది. దానికేమని చెప్పాలె? నాకు కావాలె. అంతే.

ఎల్లస్వామి


ఖమ్మం,
ఆగస్టు 7.

బావా,

ఈ ఉత్తరం పోస్టులో వేయను. రేపు మొదటి బస్సుకు బయలుదేరుతున్నాను. నా చేత్తోనే నీకిస్తాను. నోటితో చెప్పబోతే మళ్లీ నీళ్లు నమిలి, పాప బాగుంది అని చెప్పి తిరిగి వచ్చేస్తానని భయం వేసి రాసుకొస్తున్నాను.

నీకియ్య అన్నావే, ఆ మాట దగ్గర నాకు ఏడుపు ఆగలేదు. కోపం కూడా వచ్చింది. నీ మీద నాకు కోపం రావడం ఇదే మొదటిసారి. నేను నీకు అబద్ధం రాశాను. నాకేం హక్కుంది, మీ ఇష్టం అన్నది అబద్ధం. ఆ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి ఇంటికి వస్తూ, ఎల్లస్వామి నా మాట ఒప్పుకోడులే, పాపను నన్నే తీసుకుపొమ్మంటాడులే అని దారంతా అనుకున్నాను. నాకూ కావాలి. నా కూతురి కూతురు నాకు కావాలి. ప్రమీలకు కావాలి. నాలుగు వారాలుగా ఆవిడ నోట అన్నం ముద్ద పోవడం లేదు. నిన్న నీ ఉత్తరం చదివి వినిపిస్తే లేచి కూర్చుంది. పలక అందుకుని ఒకే ముక్క రాసింది. "పదండి."

మీ ఊరికి ఇంకా కల్వర్టు లేదు. పిల్లకు జ్వరం వస్తే ఏం చేస్తావని అడుగుతాను. నువ్వేమంటావో నాకు తెలుసు. నీ పెళ్లాం మంచం పట్టింది, నువ్వు చెవిటివాడివి, పాప గుక్కపట్టి ఏడ్చినా నీకు వినపడదు, నీ దగ్గర ఎలా వదలను అంటావు. అను. అది నిజమే. ఖమ్మంలో ఇల్లు తీసుకుని మీరే రండి అంటాను. పొలం ఎవరు చూస్తారంటావు. భానును గోడ వైపు తిరగనివ్వొద్దు. వాడు తండ్రి. వాడి చేత కూడా నోరు తెరిపించాలి. ఏది సరైనదో నాకు తెలియడం లేదు. ఎవరి దగ్గరున్నా పాపకు తల్లి లేదు. అది మాత్రం తెలుసు.

బతుకమ్మ గారికి చెప్పు, ఆవిడ ముందు కూడా నేను గొంతు పెంచుతాను, క్షమించమని అడగను.

నాతో నెమ్మదిగా మాట్లాడకు. నాకు చేతులు జోడించకు. ఆ వరండాలో అందరూ చూస్తున్నా సరే, నాతో పోట్లాడు. సరిత కోసం మనిద్దరం ఒక్కసారి కూడా పోట్లాడుకోలేదు.

బసవపున్నయ్య